అరవై నాలుగో గడి దగ్గర తప్పిన లెక్క

గత డిసెంబరు 22న, రామానుజన్ పుట్టినరోజు సందర్భంగా జరిపే గణిత దినోత్సవానికి, అనంతపురంలోని ఒక పాఠశాల వారు పదవీ విరమణ చేసిన లెక్కల అయ్యవారినని నన్ను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వేదిక ఎక్కి, 18446744073709551615 అనే ఇరవై అంకెల సంఖ్యను ఎక్కడా తడుముకోకుండా అప్పజెప్పాడు. చదరంగపు పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్ళూ నిండేసరికి అన్ని గింజలు కావాలని వివరించి, నమస్కారం పెట్టి దిగిపోయాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. తరువాత వాణ్ణి దగ్గరికి పిలిచి, "ఈ సంఖ్య మూడో ఎక్కంలో పోతుందా నాయనా?" అని అడిగాను. వాడు తన అయ్యవారి వైపు చూశాడు, అయ్యవారు చేతిలో ఉన్న ఫోను వైపు చూశారు.

పిల్లవాడిని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు, వాడు తనకు నేర్పినదాన్ని చక్కగా చెప్పాడు. నా అభ్యంతరం నేర్పినదాని మీదనే. పెద్ద సంఖ్య ఎదురైతే దాని పెద్దరికాన్ని చూసి నోరు తెరవడమే గణితమని మనం పిల్లలకు అలవాటు చేస్తున్నాము. ఒక బియ్యపు గింజ 25 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే ఈ గింజల బరువు సుమారు 46,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం అటూ ఇటూ కాబట్టి, తొమ్మిది వందల ఏళ్ళ పంటను కదపకుండా దాచిపెట్టాలన్నమాట. ఇది వినడానికి బాగుంటుంది, అయితే దీనితో ఆ సంఖ్య గురించి మనకు తెలిసింది ఏమీ లేదు. దీనికి 2 కలిపినా ఇంతే ఆశ్చర్యపడతాము, 2 తీసేసినా ఇంతే ఆశ్చర్యపడతాము. ఒక సంఖ్యకూ దాని పక్క సంఖ్యకూ తేడా చెప్పలేని ఆశ్చర్యం ఆ సంఖ్య గురించిన ఆశ్చర్యం కాదని నా వాదం.

తెలుగువాళ్ళకు ఈ సంఖ్యతో పాత చుట్టరికం ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరున ఒక చంపకమాల ప్రచారంలో ఉంది. "శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు" అని ఇరవై మాటలలో ఇరవై అంకెలను పొదిగిన పద్యమది. శరమంటే మన్మథుడి అయిదు బాణాలు కాబట్టి 5, శశి ఒకడే కాబట్టి 1, రంధ్రాలు తొమ్మిది, వియత్తు అంటే ఆకాశం, అంటే శూన్యం, కాబట్టి 0, నగమంటే కులపర్వతాలు ఏడు, అగ్నులు మూడు, తర్కాలు ఆరు, పద్మజుడి ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది, తుహినాంశుడు మళ్ళీ చంద్రుడే. అంకెలు కుడి నుంచి ఎడమకు నడవాలన్నది దీని నియమం కాబట్టి పద్యంలో మొదటి మాట సంఖ్యలో ఒకట్ల స్థానానికి పోతుంది. నాకు ఈ పద్యాన్ని మా తెలుగు అయ్యవారు తొమ్మిదో తరగతిలో వల్లె వేయించారు, ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఈ పద్యాన్ని ఈమధ్య వాట్సాప్‌లో పంపించుకునేవారు దాని కింద, మన పూర్వీకులకు అన్నీ ముందే తెలుసునని ఒక వాక్యం తగిలిస్తున్నారు. దానికి విసుగుపుట్టిన మరికొందరు, గుణశ్రేఢి మొత్తం కట్టడంలో ఏముందని తీసిపారేస్తున్నారు. ఇద్దరిలో ఒక్కరైనా పద్యంలోని సంఖ్య సరైనదో కాదో పరీక్షించి చూసినట్లు నాకు కనబడలేదు. పరీక్షించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. గళ్ళలోని గింజలను తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషాలు వరుసగా 1, 2, 4, 8, 7, 5 అని వచ్చి, ఏడో గడిలో తిరిగి 1తో మొదలవుతాయి. ఈ ఆరింటి మొత్తం 27, అది తొమ్మిదో ఎక్కంలో పూర్తిగా పోతుంది. కాబట్టి మొదటి అరవై గళ్ళూ లెక్కలోకి రాకుండా పోయి, చివరి నాలుగు గళ్ళ శేషాలు 1, 2, 4, 8 మాత్రమే మిగులుతాయి. వాటి మొత్తం 15, తొమ్మిది తీసేస్తే 6. ఇప్పుడు పద్యంలోని ఇరవై అంకెలనూ కూడితే 87 వస్తుంది, 8కి 7 కలిపితే 15, మళ్ళీ 6. సరిపోయింది.

ఒకసారి తరగతిలో ఈ పద్యం చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "సముద్రాలు ఏడు గదా సార్, మీరు నాలుగంటాండారు" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. కథల్లో సప్త సముద్రాలు, పద్యంలో అబ్ధి అన్నా పయోనిధి అన్నా నాలుగు. సంప్రదాయం అంతే అని చెప్పి కూర్చోబెట్టవచ్చు, అయితే ఇక్కడ సంప్రదాయాన్ని ఆశ్రయించవలసిన పనే లేదు. రెండు చోట్లా 7 పెట్టి చూడండి, మొత్తం 93 అవుతుంది, తొమ్మిదులు తీసేస్తే 3 మిగులుతుంది. ఒక్క చోటనే పెడితే 90, ఏమీ మిగలదు. 6 మిగలాలంటే రెండు చోట్లా 4 ఉండవలసిందే. సముద్రాలు ఎన్నో గింజలే తేల్చిచెప్పాయి.

ఛందస్సు ఒక కాపలా అనీ, అంకెల శేషం ఇంకో కాపలా అనీ అప్పటినుంచి పిల్లలకు చెప్పేవాణ్ణి. ఎవరైనా పొరపాటున "వేద గిరి"ని "గిరి వేద" అని తారుమారు చేస్తే గణం చెడి చెవికి తెలిసిపోతుంది, అంకెల మొత్తం మాత్రం మారదు కాబట్టి తొమ్మిదుల పరీక్షకు ఆ తప్పు దొరకదు. అదే "వియన్నగాగ్ని"ని "వియద్యుగాగ్ని" అని రాస్తే గణాలు చెక్కుచెదరవు, గొంతెత్తి చదివినా అనుమానం రాదు, అయితే యుగాలు నాలుగే కాబట్టి 7 ఉన్నచోట 4 వచ్చి మొత్తం 84 అవుతుంది, శేషం 3కు పడిపోతుంది. తాళపత్రాలను చూసి రాసుకునే రోజులలో ఈ రెండు కాపలాలూ ఎంత అవసరమో ఊహించుకోవచ్చు.

ఇక సంఖ్యను విప్పే పని. నేను కదిరి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేటప్పుడు దీనికోసం వరండా బండల మీద సుద్దతో గళ్ళు గీసి, చెనిక్కాయ విత్తనాలతో ఆట మొదలుపెట్టేవాళ్ళం. మా ప్రాంతంలో బియ్యం కన్నా అవే చులకనగా దొరికేవి. మొదటి వరుస ఎనిమిది గళ్ళకు 255 విత్తనాలు చాలు. నూరు విత్తనాలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే అవి నూరు గ్రాములు. రెండు వరుసలకు 26 కిలోలు, మూడు వరుసలకు ఒక లారీ లోడు, నాలుగు వరుసలకు 1,700 టన్నులు. కాబట్టి మా ఆట ఎప్పుడూ మొదటి వరుస దాటలేదు, ఆ 255 కూడా గంట కొట్టేసరికి 240కి దిగేవి, తేడా పిల్లల జేబుల్లో ఉండేది.

ఆ ఒక్క వరుసతోనే రహస్యం తెలిసిపోతుంది. మొదటి రెండు గళ్ళలో 1, 2 కలిపి 3 విత్తనాలు. తరువాతి రెండు గళ్ళు దానికి నాలుగు రెట్లు, అంటే 12. కాబట్టి నాలుగు గళ్ళ మొత్తం మూడుకు అయిదు రెట్లు, 15. తరువాతి నాలుగు గళ్ళు ఈ పదిహేనుకు పదహారు రెట్లు కాబట్టి ఎనిమిది గళ్ళ మొత్తం పదిహేనుకు పదిహేడు రెట్లు, 255. మడిచిన పంచెను ఒక్కొక్క మడతే విప్పినట్లు, గళ్ళ సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ పాత మొత్తం ఒక కొత్త సంఖ్యతో గుణించబడుతుంది. మొదట 3, తరువాత 5, తరువాత 17, రెండు వరుసల దగ్గర 257, నాలుగు వరుసల దగ్గర 65537, పలక మొత్తం నిండినప్పుడు 4294967297. ఈ ఆరింటినీ గుణిస్తే మన ఇరవై అంకెల సంఖ్య వస్తుంది. ఒక్క భాగహారం కూడా చేయకుండా ఆ మహాసంఖ్య ఆరు ముక్కలయింది. వేదిక మీద ఆ పిల్లవాడిని నేను అడిగిన ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది, గళ్ళను జతలు జతలుగా చూస్తే ప్రతి జతా మూడో ఎక్కంలోనిదే.

ఇక్కడ గమనించవలసిన ఇంకొక విషయం, కొత్తగా వచ్చే గుణకం ఎప్పుడూ అప్పటిదాకా ఉన్న మొత్తానికి సరిగ్గా 2 ఎక్కువ. 3 కన్నా 5, 15 కన్నా 17, 255 కన్నా 257 రెండేసి ఎక్కువ. రెంటికీ ఏదైనా ఉమ్మడి కారణాంకం ఉంటే అది వాటి తేడా అయిన 2ను కూడా భాగించాలి, అన్నీ బేసి సంఖ్యలు కాబట్టి అది జరగదు. అందువలన ఈ ఆరు ముక్కలలో ఏ రెంటికీ పొత్తు లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. 1998లో పదో తరగతికి కారణాంకాల సంఖ్యను లెక్కపెట్టడం నేర్పుతూ నేనొక అందమైన విషయం కనిపెట్టాననుకున్నాను. ఒక గడి మొత్తం 1, దాని కారణాంకాలు 1. రెండు గళ్ళ మొత్తం 3, కారణాంకాలు 2. నాలుగు గళ్ళ మొత్తం 15, కారణాంకాలు 4. ఎనిమిది గళ్ళ మొత్తం 255, దానికి 1, 3, 5, 15, 17, 51, 85, 255 అని సరిగ్గా 8. పదహారు గళ్ళకు 16, ముప్పై రెండు గళ్ళకు 32. ఎన్ని గళ్ళో అన్ని కారణాంకాలు. వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధానికి, ప్రతి ప్రధాన సంఖ్యనూ తీసుకోవడమో వదిలేయడమో అన్న రెండు దారులే ఉంటాయి కాబట్టి, కొత్త ప్రధాన సంఖ్య ఒకటి చేరినప్పుడల్లా కారణాంకాలు రెట్టింపవుతాయి. అందుకని చదరంగపు పలక మొత్తానికి అరవై నాలుగు గళ్ళు, దాని సంఖ్యకు అరవై నాలుగు కారణాంకాలు అని బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశాను. 3, 5, 17, 257, 65537 అయిదూ ప్రధాన సంఖ్యలే అయినప్పుడు ఆరోది మాత్రం ఎందుకు కాదని నా ధైర్యం. పద్యం చెప్పిన నోటితో పూర్వీకుల పలకలో ఎంత సొగసు దాగి ఉందో అని కూడా అన్నట్లు గుర్తు.

రెండు నెలల తరువాత, అర్ధ సంవత్సర పరీక్షలయిపోయిన రోజుల్లో, మండీలో గుమాస్తాగా పనిచేసే ఒకాయన కూతురు, తరగతిలో పెద్దగా మాట్లాడని పిల్ల, నోటుబుక్కు పట్టుకుని ఉపాధ్యాయుల గది గుమ్మం దగ్గర నిలబడింది. "సార్, మీరు చెప్పిన పెద్ద సంఖ్య 641తో పోతాంది సార్" అంది. బడిలో ఉన్న క్యాలిక్యులేటరు ఎనిమిది అంకెలది, దానిలో 4294967297 పట్టదు. ఆ పిల్ల సాయంత్రాలు వాళ్ళ నాయన దగ్గరికి పోయి మండీలోని పన్నెండు అంకెల క్యాలిక్యులేటరు మీద 3 నుంచి ఒక్కొక్క ప్రధాన సంఖ్యతోనూ వరుసగా భాగించుకుంటూ వచ్చింది. 641 అన్నది 2 నుంచి లెక్కపెడితే 116వ ప్రధాన సంఖ్య. పోని ప్రతి భాగహారానికీ నోటుబుక్కులో ఒక కొట్టివేత ఉంది. నేను కాగితం తీసుకుని 6700417ను 641తో గుణించాను. 4294967297 వచ్చింది. ఒకసారి తప్పు గుణించానేమోనని మళ్ళీ చేశాను, అప్పుడూ అదే వచ్చింది. ఆరోది ఒక ప్రధాన సంఖ్య కాదు, రెండింటి లబ్ధం. కాబట్టి పలక మొత్తానికి ఏడు ప్రధాన సంఖ్యలు, 128 కారణాంకాలు. ఒకటి నుంచి ముప్పై రెండు గళ్ళ దాకా నిలబడిన నా నియమం, దేనికోసం చెప్పానో ఆ పలక దగ్గరనే కూలిపోయింది.

ఈ గుంతలో నాకు ముందే పడినవాడు పియెర్ ద ఫెర్మా అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ ఆరు సంఖ్యలూ ఆయన పేరునే చలామణి అవుతాయి. ఫ్రాన్సులో న్యాయాధికారిగా ఉంటూ తీరిక వేళల్లో సంఖ్యలతో కాలక్షేపం చేసిన ఆ మేధావి, 1640 ప్రాంతంలో రాసిన ఉత్తరాలలో ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకాన్ని వెల్లడించాడు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఒక ఉత్తరం చివర ఆ మాట ఎత్తి సాటి గణితజ్ఞుడైన ఆయిలర్‌ను కదిలించగా, ఆయిలర్ 1732లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, 641ను చూపించాడు. ఆ తరువాత సంగతి ఫెర్మాకు మరీ అన్యాయం చేసింది. 3ను సున్నావదిగా లెక్కపెడితే 4294967297 ఐదవ ఫెర్మా సంఖ్య. దీని నుంచి ముప్పై రెండవ దాకా ప్రతిదీ సంయుక్త సంఖ్యేనని ఈనాటికి తేలిపోయింది, 65537 తరువాత ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు. 1812 ప్రాంతంలో జెరా కోల్‌బర్న్ అనే ఎనిమిదేళ్ళ అమెరికా బాలుణ్ణి లండనులో ప్రదర్శనకు పెట్టి ఈ సంఖ్య గురించి అడిగితే 641 అని నోటితో చెప్పాడట. అక్కడా చప్పట్లే కొట్టి ఉంటారు. నాకు మాత్రం ఆ పిల్లవాడి కన్నా మండీలో కూర్చుని భాగించిన పిల్ల మీదనే గౌరవం ఎక్కువ, ఎందుకంటే ఆ పిల్ల చేసిన పనిని ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఫెర్మా చేతిలో పనిముట్టు లేక పొరబడ్డాడని అనడానికి కూడా వీలులేదు. ఒక ప్రధాన సంఖ్యతో భాగించి రెట్టింపుల శేషాలు రాసుకుంటూ పోతే, అవి తిరిగి 1 దగ్గరికి వచ్చే చుట్టు పొడవు ఆ ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువైన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుందన్నది ఆయన సొంత సిద్ధాంతం చెప్పేదే. దీన్ని మన పలక మీద పెట్టి చూడండి. 3తో భాగిస్తే శేషాల చుట్టు రెండు గళ్ళకే పూర్తవుతుంది, 5తో నాలుగు గళ్ళకు, 17తో ఎనిమిది, 257తో పదహారు, 65537తో ముప్పై రెండు. 4294967297ను భాగించే ఏ ప్రధాన సంఖ్యకైనా సరే చుట్టు అరవై నాలుగు గళ్ళు, పలక అంచు దాకా పోయిగాని వెనక్కి రాదు. కాబట్టి ఆ ప్రధాన సంఖ్య 64కు ఏదో ఒక గుణిజం కన్నా ఒకటి ఎక్కువై తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలో దొరికే జవాబు అది. నాకు, నా విద్యార్థినికి ఈ సూత్రం తెలియదు కాబట్టి నేను నమ్మి ఊరుకున్నాను, ఆ పిల్ల నూరుకు పైగా భాగించింది. ఫెర్మాకు తెలిసీ అయిదుసార్లు భాగించలేదు.

641 ఎందుకు పోతుందో భాగహారం లేకుండానే చూపవచ్చు, ఇంత చక్కని రుజువు పదో తరగతి పుస్తకంలో ఎందుకు లేదని నేను ఎప్పుడూ అనుకుంటాను. 641 అంటే 128కి అయిదు రెట్ల కన్నా ఒకటి ఎక్కువ. అంటే 5 × 2⁷ అన్నది 641తో భాగించేటప్పుడు ఒకటి తక్కువైన సంఖ్య, దాని శేషాన్ని −1గా తీసుకోవచ్చు. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ శేషం 1 అవుతుంది. ఇంకొక వైపు నుంచి చూస్తే 641 అంటే 625, 16ల మొత్తం, అంటే 5⁴, 2⁴ల మొత్తం. కాబట్టి 5⁴ ఉన్న చోట −2⁴ పెట్టినా శేషం మారదు. అలా పెడితే −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³²కు ఒకటి కలిపితే శేషమేమీ ఉండదు. 2³²కు ఒకటి కలిపితే వచ్చేదే 4294967297. రెండు ముఖాలున్న ఒక చిన్న సంఖ్య పది అంకెల సంఖ్యను పడగొట్టింది.

మిగిలిన 6700417 ప్రధాన సంఖ్యేనా అన్న సందేహం తీర్చుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. దాని వర్గమూలం 2588 దాటి కొంచెం. 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువై తీరాలన్న పై నియమాన్ని లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 19వ శతాబ్దంలో బిగించి, 64 ఉన్న చోట 128 పెట్టవచ్చని చూపాడు. 128 గుణిజాల కన్నా ఒకటి ఎక్కువై, 2588 లోపల ఉండే ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. వీటితో 6700417ను భాగిస్తే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. అయిదు భాగహారాలు, అయిదు శేషాలు, ఇక సందేహం లేదు. యంత్రం మీద ఆధారపడకుండా, ఎవరి మాటా నమ్మకుండా, ఒక కాగితం మీద డెబ్భై లక్షలకు దగ్గరగా ఉన్న సంఖ్య ప్రధానమని రూఢిగా చెప్పగలగడం నాకు ఇరవై అంకెలు అప్పజెప్పడం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తృప్తినిచ్చింది.

ఇదంతా పరీక్షలలో రాదని తోటి ఉపాధ్యాయులు అంటారు. నిజమే, రాదు. అయితే పరీక్షలో వచ్చే ప్రతి భాగమూ ఇందులో ఉంది, (క − చ)(క + చ) అన్న సర్వసమీకరణం, గుణశ్రేఢి, ఘాతాంక న్యాయాలు, ప్రధాన కారణాంక విభజన, భాజనీయతా సూత్రాలు. వీటిని వేర్వేరు పాఠాలుగా, వేర్వేరు మార్కులుగా నేర్పి, వాటన్నింటినీ ఒక్కచోట పనిచేయించే సంఖ్యను మాత్రం వేదిక మీద కంఠపాఠానికి వదిలేయడం నాకు నచ్చని విషయం. పూర్వీకులకు అన్నీ తెలుసుననే వారితో కూడా నాకు ఇదే పేచీ. మల్లన పేరున ఉన్న పద్యంలో మొత్తం సరిగ్గా ఉంది, దాన్ని చెడకుండా తరాల మీదుగా మోసుకువచ్చే ఏర్పాటు ఉంది, అది చిన్న విషయం కాదు. 641 అందులో లేదు. లేనిదాన్ని ఉందనడం వలన ఉన్నదాన్ని చూడడం మానేస్తాము.

ఉపయోగం అడిగేవారికి కూడా జవాబు ఉంది. మన ఫోనులో 64 బిట్లతో, ప్లస్ మైనస్ గుర్తు లేకుండా రాయగల అతి పెద్ద పూర్ణాంకం సరిగ్గా ఈ చదరంగపు సంఖ్యే, ఒక్కొక్క బిట్టు ఒక్కొక్క గడి. బ్యాంకు వెబ్‌సైటుకూ మనకూ మధ్య రహస్యంగా సాగే సంభాషణకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో బహిరంగ ఘాతాంకంగా, అంటే దాచకుండా అందరికీ తెలిసేలా ఉంచే ఘాతాంకంగా, ఎక్కువగా కనిపించేది 65537. ఇంకా, 1796లో పందొమ్మిదేళ్ళయినా నిండని గాస్ అనే జర్మన్ గణితజ్ఞుడు, స్కేలు, వృత్తలేఖినులతో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనుగొన్న దారిలోనే పోతే, భుజాల సంఖ్య బేసి అయి, ఆ పరికరాలతో గీయగలమని ఈనాటికి తెలిసిన వాటిలో అతి పెద్ద బహుభుజికి భుజాలు 4294967295. అది పలకలో సగం, మొదటి నాలుగు వరుసల గింజల మొత్తం. ఐదవ ఫెర్మా సంఖ్య కూడా ప్రధానమై ఉంటే పలక మొత్తానికీ ఆ భాగ్యం దక్కేది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఊరికే కూర్చుని ఆ చంపకమాలతో ఆడుకుంటుంటే ఒక విషయం తట్టింది. చదరంగపు సంఖ్యకు 2 కలిపితే ఆరవ ఫెర్మా సంఖ్య అవుతుంది, అంటే పద్యంలో మొదటి మాట విలువ ఒక్కటే 5 నుంచి 7కు మారాలి. "శర" తీసి "గిరి" పెట్టాను. గణాలు సరిపోయాయి, రెండో అక్షరం రేఫే కాబట్టి ప్రాస కూడా నిలిచింది, పదకొండో అక్షరం "సా"తో మాత్రం యతి చెడింది. ఏడుకు సకారంతో మొదలయ్యే రెండు లఘువుల మాట కోసం ఒక పూట వెతికాను. స్వరాలు ఏడు. "స్వర శశి షట్క చంద్ర శర సాయక" అని చదివి చూసుకున్నాను. యతి కుదిరింది, ప్రాస కుదిరింది, అంకెల మొత్తం 89, తొమ్మిదులు తీసేస్తే 8, ఉండవలసినది అంతే. శకారం స్వకారమయితే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం కాస్తా రెండే ప్రధాన సంఖ్యల లబ్ధంగా మారిపోతుంది. ఆ రెంటినీ 1880లో ప్రకటించినవాడు లాండ్రీ అనే ఫ్రెంచి దేశస్థుడు, అప్పటికి ఆయనకు 82 ఏళ్ళు.

ఆ పద్యపాదాన్ని 641 కనిపెట్టిన నా విద్యార్థినికి ఫోనులో పంపించాను. ఆమె ఇప్పుడు కదిరిలోనే ఒక దుకాణానికి లెక్కలు రాస్తుంది. "ఇది దేంతో పోతాది సార్?" అని అడిగింది. జవాబు చెప్పలేదు, 256 గుణిజాల కన్నా ఒకటి ఎక్కువైన సంఖ్యలను మాత్రమే వెతకమని, 1071వ గుణిజం దాటవలసిన పని ఉండదని మాత్రం రాశాను. పన్నెండు అంకెల క్యాలిక్యులేటరులో ఇరవై అంకెలు పట్టవు గదా సార్ అంది. శేషాలు పడతాయి అని రాశాను.